చేపను చూసి గొడుగన్న పిల్ల

పోయిన వారం మనం చిన్నిని ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా. క్యాంపు బడి వాకిట్లో, తల్లులందరూ కంచె పట్టుకుని చూస్తుండగా, టీచరమ్మ మొహం మీదే "పిల్లలకి జవాబులు బట్టీ పట్టించింది మీరే కదూ" అని అడిగేసింది. అడిగేశాక నాలుక్కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం వెనకటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇల్లూ వాకిలీ వదిలి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళ పిల్లలకి ఈ రేకుల షెడ్డులో బడి నడుస్తోంది. పలక మీద గీత గీయడం కూడా రాని వయసు పిల్లలు. వాళ్ళకి ఈ బడి వల్ల ఏమైనా ఒంటబట్టిందా లేదా అని తేల్చే సర్వేలో చిన్ని పని చేస్తోంది. సర్వే అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. బొమ్మల అట్టలు ఒక్కొక్కటీ చూపించి ఇదేమిటని అడగాలి, పిల్ల చెప్పింది టాబ్లెట్లో నొక్కాలి. బడి తెరిచిన కొత్తలో మొదటి విడత చేసింది చిన్ని వాళ్ళ అక్క. అప్పుడు పిల్లలు గడగడా చెప్పేశారు. ఇన్ని కష్టాలు పడ్డా ఈ పిల్లలు ఎంత చురుకో అని అక్క రాసిన రిపోర్టు చూసి పైవాళ్ళు మురిసిపోయి, సర్వే మొత్తానికి ఆవిడనే హెడ్డుని చేశారు. రెండో విడత చిన్ని నెత్తిన పడింది. ఈ పొద్దున గదిలోకి వచ్చిన ప్రతి పిల్లా, మొదటి అట్ట మీద చేప నిక్షేపంలా కనిపిస్తుంటే, "గొడుగు" అంది. మార్కులు అడుగంటిపోయాయి. మధ్యాహ్నం అక్కా, డైరెక్టరుగారూ వస్తున్నారు. మార్కులు తగ్గితే ఈ బడి దండగ అని మూసేస్తారు. పిల్లల్ని బస్సెక్కించి పెద్దరోడ్డు అవతలి సెంటరుకి పంపిస్తారు. ఆ సెంటరు గేటు లోపలికి తల్లుల్ని రానివ్వరు.

అదీ సంగతి. ఇక వాకిట్లోకి రండి.

టీచరమ్మ ముందు చేతిలో ఉన్న పలకని తడిగుడ్డతో తుడవడం పూర్తిచేసింది. పలక గోడకి ఆనించింది. గుడ్డ పిండి తాడు మీద ఆరేసింది. ఆవిడ ఇంత నెమ్మదిగా పనులు చేస్తోందంటే అవతలివాళ్ళకి మూడిందని క్యాంపులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కంచె దగ్గర గుసగుసలు ఆగిపోయాయి.

"మళ్ళీ అను," అంది.

"అది కాదు టీచరుగారూ..."

"అదే. ఇందాక అన్నావుగా, ఊరందరికీ వినపడేలా. అంత గట్టిగానూ మళ్ళీ అను. నా చెవులు బాగానే పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటాను."

చిన్నికి ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఆ ఉక్కగదిలో కూర్చుంది. పిల్లలు ఏడిస్తే ఓదార్చింది, ముక్కులు తుడిచింది, చివరికి ఆమెకి మిగిలింది ఈ దబాయింపు. పోనీలే పెద్దావిడ అని ఊరుకునే రకమైతే ఆమె చిన్ని ఎందుకవుతుంది?

"అంటానండీ, నాకేం భయం? వచ్చిన ప్రతి పిల్లా మొదటి అట్టకి గొడుగంటోంది, రెండో అట్టకి కుర్చీ అంటోంది. దాని మీద ఏముందో చూడనైనా చూడట్లేదు. మొదటి విడతలో అట్టల వరస అదే. గొడుగు, కుర్చీ, గడియారం. ఎవరూ నేర్పకపోతే ఇంతింత పిల్లలకి ఆ వరస ఎలా వస్తుంది? ఇక్కడ నేర్పేది మీరొక్కరేగా."

"అయితే వరస మార్చింది నువ్వన్నమాట."

"మార్చాలి. అది రూలు."

"రూలా." టీచరమ్మ తల్లుల వైపు తిరిగింది. "విన్నారా? రూలట. పిల్లలు తప్పులో కాలేస్తారని తెలిసే మార్చారు. కాలేశాక వచ్చి నన్ను దొంగని చేస్తున్నారు. ఎంత చక్కటి రూలో."

"మిమ్మల్ని దొంగ అని నేననలేదు."

"బట్టీ పట్టించారంటే ఏమిటమ్మా అర్థం, సన్మానం చేస్తానని? మా ఊళ్ళో నాకు గచ్చు వేసిన బడి ఉండేది. కిటికీలుండేవి. అదంతా బుగ్గయిపోతే ఇక్కడికొచ్చి, ఈ రేకుల కింద చెమటలు కక్కుతూ, ఎవరి పిల్లలనీ చూడకుండా ముడ్లు కడుగుతున్నాను, అన్నాలు తినిపిస్తున్నాను. నువ్వు మెళ్ళో కార్డు తగిలించుకుని వస్తావు. సంతలో దూడల్ని చూసినట్టు మా పిల్లల నోరు తెరిపించి చూసి పోతావు. పోతూ పోతూ మాకో పేరు పెట్టిపోతావు. పోయినేడు ఇంకెవరో వచ్చి మా పిల్లల తలలు కొలిచి పోయారు, తెలుసా? ఏం తేలిందో ఇప్పటికీ మాకెవరూ చెప్పలేదు."

తల్లులు అవునన్నట్టు గొణిగారు. వాళ్ళలో ఒకామె చిన్ని వైపు చూసిన చూపుకి ఇంకొకరైతే అక్కడికక్కడే సంచీ సర్దుకునేవాళ్ళు.

చిన్ని మటుకు కదల్లేదు. "నా మీద అరిస్తే మార్కులు పెరగవండీ. మధ్యాహ్నం డైరెక్టరుగారు వస్తారు. ఈ అంకెలు చూస్తే బడి మూసేస్తారు. అందుకే అడుగుతున్నాను. మీరు నేర్పి ఉంటే నేర్పానని ఒక్క మాట చెప్పండి. ఏదో ఒక దారి చూద్దాం."

"నేను చెయ్యని పని చేశానని చెప్పి, నా నోటితో నేనే బడికి తాళం వేసుకోవాలి. బాగుంది నీ దారి."

ఇంతలో కంచె తలుపు తోసుకుని ఓ ముసలావిడ లోపలికొచ్చింది. ఆవిడ కొంగు పట్టుకుని, ఆవిడ వెనకే దాక్కుంటూ ఒక పిల్ల. ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. కూర్చున్నచోట కుదురుగా కూర్చోదని ఆ పేరు పెట్టారు కానీ, పొద్దున చిన్ని గదిలో మాత్రం కొయ్యబొమ్మలా బిగుసుకుపోయి కూర్చుంది. చేపని చూసి మొట్టమొదట గొడుగన్నది ఈ పిల్లే.

"ఏమ్మా, నా మనవరాల్ని ఒక్కదాన్నే గదిలో పెట్టి తలుపేసింది నువ్వేనా?" అంది ముసలావిడ.

"ఒక్కొక్కళ్ళనే పిలవాలి మామ్మా. పక్కన ఇంకొకరుంటే వాళ్ళు చెప్పింది విని చెప్పేస్తారు. అందుకని."

"నీ అందుకని నాకొద్దు. ఊరొదిలి వచ్చే దారిలో సరిహద్దు గేటు దగ్గర కూడా ఒక్కొక్కళ్ళనే పిలిచారు. మా కోడల్ని పిలిచారు, లోపలికెళ్ళింది, తలుపేశారు. మేము బయట నిలబడే ఉన్నాం. అది మళ్ళీ రాలేదు. ఇది నా చంకలో ఉండి ఆ తలుపునే చూస్తోంది. ఇప్పుడు నువ్వొచ్చి దీన్ని రమ్మన్నావు, తలుపేశావు. వచ్చినప్పట్నుంచీ ఇది నా కొంగు వదిలితే ఒట్టు."

చిన్ని ఆ గది తలుపు వైపు చూసింది. తలుపెందుకు వేసింది? ట్రైనింగులో వెయ్యమన్నారు కాబట్టి వేసింది. ఆ తలుపుకి అవతలి వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆమెకి తట్టలేదు. ఆమెకి చాలా సిగ్గేసింది.

టీచరమ్మ అక్కడితో వదలలేదు. సందు దొరికితే వదిలే మనిషి కాదు.

"మీ అక్క నయం," అంది. "తోడబుట్టినవాళ్ళే అయినా ఆవిడ గుణం నీకు రాలేదు. అప్పుడూ పిల్లలు ఏడిస్తే, ఆవిడ నీలా ఒక్కొక్కళ్ళనీ గదిలోకి లాక్కెళ్ళలేదు. నేనుంటే సైగలు చేస్తానని నన్ను మటుకు కుళాయి దగ్గరికి పంపేసింది, పోనీ. కానీ పిల్లలందర్నీ ఒక్క చాప మీద తన చుట్టూ కూర్చోబెట్టుకుంది. అందరూ కలిసి ఎంత ముద్దుగా చెప్పారో. కుళాయి దాకా వినపడింది."

"కలిసా?" అంది చిన్ని.

"కలిసే. పాట పాడినట్టు."

"ఒకళ్ళు చెబుతుంటే మిగతావాళ్ళు వింటూ కూర్చున్నారా, అందరూ ఒక్కసారే చెప్పారా?"

"ముందు ఒకళ్ళు, తర్వాత అందరూ. ఏం, అదీ తప్పేనా?"

మొదటి విడత రిపోర్టు చిన్ని ఒకటికి పదిసార్లు చదువుకుంది. చదువుకుని గర్వపడింది. ప్రతి పిల్లనీ విడిగా, మిగతావాళ్ళకి వినపడనంత దూరంలో కూర్చోబెట్టి అడిగామని అక్క అందులో శుభ్రంగా రాసింది. టీచరమ్మ అబద్ధమాడుతోందేమో అనుకుందామంటే, అబద్ధమాడేవాళ్ళు ఎవరైనా ఇలా మెచ్చుకుంటూ ఆడతారా? ఆ పద్ధతి తప్పని కూడా పాపం ఆవిడకి తెలియదు.

"మామ్మా," అంది చిన్ని, "పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టుకోవచ్చా? గదిలో కాదు. ఇక్కడే, మీరందరూ చూస్తుండగా."

ముసలావిడ టీచరమ్మ మొహం చూసింది. టీచరమ్మ భుజాలెగరేసి, "చాప వేసేది మేమేనా, అదీ నువ్వే వేసుకుంటావా?" అంది.

చిన్నే వేసుకుంది. షెడ్డులో మేకులకి వేలాడుతున్న రంగురంగుల మగ్గుల కింద పెద్ద చాప పరిచి, మధ్యలో కూర్చుంది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చి చుట్టూ చేరారు. పొద్దున గదిలో గుడ్లనీళ్ళు కుక్కుకున్న పిల్లలే ఇప్పుడు మోకాళ్ళ మీద లేచి మీదమీదకి వస్తున్నారు. పిచ్చుక కూడా కొంగు వదిలేసి వచ్చి సరిగ్గా ఆమె మోకాలి పక్కన చోటు చేసుకుంది. చిన్ని అట్టలు బయటికి తీయలేదు. అట్టల పెట్టె మూత మాత్రం తెరిచి, "ఊఁ, చెప్పండి," అంది.

పిల్లలు ఆమె మొహంలోకి చూశారు. ఎవరూ నోరు మెదపలేదు.

"చెప్పండర్రా. అప్పుడు ఇంకో అక్క వచ్చినప్పుడు చెప్పారే, అలాగ."

టీచరమ్మ ముక్కుతో ఒక శబ్దం చేసింది. చిన్ని పెట్టె మూసెయ్యబోతుంటే పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు తప్పు అంటున్నావు," అంది గుసగుసగా. "ఊఁ బంగారం అనాలి."

చిన్ని చెయ్యి పెట్టె మీదే ఉండిపోయింది.

ఆ మాట ఎవరిదో ఆమెకి వేరే చెప్పాలా? ఇంట్లో అమ్మ పనికి వెళ్ళిపోయాక, వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, తలకి నూనె రాస్తూ అక్క ఎక్కాలు చెప్పించేది. ఒక్కో ఎక్కం పూర్తికాగానే వెనక నుంచి, "ఊఁ, బంగారం, తర్వాత?" అనేది. చిన్ని చదువంతా ఆ మాట మీదే నడిచింది. ఇప్పటికీ పరీక్ష అంటే భయం వేసినప్పుడల్లా ఆమె మనసులో వినపడేది అదే గొంతు. ఆ మాట ఈ క్యాంపులో పుట్టింది కాదు. టీచరమ్మకి తెలిసింది కాదు.

"ఊఁ, బంగారం," అంది చిన్ని. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

"గొడుగు," అన్నారు పిల్లలందరూ ఒక్కపెట్టున.

"ఊఁ, బంగారం, తర్వాత?"

"కుర్చీ."

"తర్వాత?"

"గడియారం."

అలా చివరి అట్ట దాకా అప్పజెప్పేశారు. అందులో ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్న పిల్లలు అందరికంటే గట్టిగా చెప్పారు. అక్కడి నుంచి పెట్టే కనపడదు, ఇంక అట్టలేం కనపడతాయి? అప్పుడైనా వాళ్ళకి ఏ బొమ్మా కనపడి ఉండదు. ముందువాళ్ళ నోటి వెంట విన్నది విన్నట్టు నేర్చుకున్నారు. అన్ని నెలలైనా మర్చిపోలేదు. అంత ప్రేమగా అడిగిన మనిషి మళ్ళీ వస్తే చెప్పాలని దాచుకున్నారు. పొద్దున గదిలో భయమేసినప్పుడు, దాచుకున్నది తీసి చిన్ని చేతిలో పెట్టారు. చిన్ని దానికి సున్నా వేసింది.

కంచె దగ్గర తల్లులు నవ్వారు. పిల్లలు చెప్పిన తీరు ముద్దొచ్చి నవ్వారంతే, వాళ్ళకి ఇంకేం తెలుసు? టీచరమ్మ నవ్వలేదు.

"ఇప్పుడు తెలిసిందా ఎవరు నేర్పారో?" అంది. "పొద్దున నలుగురిలో నన్నన్న మాట ఇప్పుడు నలుగురిలో వెనక్కి తీసుకో."

చిన్ని లేచి నిలబడింది. "తీసుకుంటానండీ. మీరు..."

బయట హారన్ మోగింది.

గేటు దగ్గర తెల్ల జీపు ఆగి ఉంది. ఎంతసేపట్నుంచి ఆగి ఉందో ఎవరూ చూడలేదు. డైరెక్టరుగారు అందులోనే కూర్చుని ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. అక్క దిగి, కంచె పక్కన నిలబడి ఉంది. ఎండకి కళ్ళు చికిలించుకుని చాప వైపే చూస్తోంది.

"గదిలోకి రా," అంది చిన్నితో.

గది అంటే షెడ్డు చివర అటకసామాను పెట్టే కొట్టు. చాపల కట్టలు, సున్నం డబ్బా, విరిగిన ఉయ్యాల బల్ల. అక్క లోపలికొచ్చి తలుపేసింది. అక్కకి చేతిరుమాలు మడతపెట్టే అలవాటు ఉంది, కోపం వచ్చినకొద్దీ మడత చిన్నదవుతుంది. ఇప్పుడది తపాలాబిళ్ళంత అయింది.

"ఏం నాటకమే ఇది?"

"అదే నేను నిన్నడగాలి. అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టావా?"

"కూర్చోబెట్టాను."

ఇలా ఒప్పేసుకుంటుందని చిన్ని అనుకోలేదు.

"ఏం చెయ్యమంటావు?" అంది అక్క. "ఒక్కొక్కళ్ళనీ పిలిస్తే గుక్కపట్టి ఏడ్చారు. ఒక పిల్ల గుమ్మం పట్టుకుని రాలేదు, వేళ్ళు విడదీసి లాగాల్సొచ్చింది. రెండోసారి లాగడానికి నా చేతులు రాలేదు. చాప మీద కూర్చోబెట్టగానే నవ్వారు. నువ్వు లాగావా ఇవాళ? లాగే ఉంటావు. నువ్వు రూలు తప్పవుగా."

చిన్నికి తగలాల్సిన చోటే తగిలింది. అయినా తమాయించుకుంది. "చాప మీద కూర్చోబెట్టినందుకు నిన్నేమీ అనట్లేదక్కా. కూర్చోబెట్టానని రాసి ఉంటే సరిపోయేది. విడివిడిగా అడిగానని రాశావు. ఇప్పుడు ఆ మార్కుల పక్కన ఈ మార్కులు పెట్టి చూసి, బడి వల్ల పిల్లలు మొద్దుబారిపోయారంటారు. మొదటి విడత చెల్లదని ఒక్క మాట చెప్పు. పోల్చడానికి ఏమీ ఉండదు, బడి జోలికి ఎవరూ రారు."

"నా జోలికి వస్తారు."

"వస్తే ఏమవుతుంది? తిడతారు."

"తిట్టి ఊరుకోరు. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని మన డైరెక్టరు ఎన్ని ఊళ్ళు తిరిగాడో, ఎంతమంది చేత చప్పట్లు కొట్టించుకున్నాడో నీకు తెలుసా? అదంతా ఉత్తదని నేను చెబితే నన్ను గేటు దగ్గరకి కూడా రానివ్వరు. నా వెనక నువ్వు. అక్క చేసినట్టే చెల్లీ చేసిందంటారు." అక్క గొంతు తగ్గించింది. "అంత దూరం ఎందుకు? దారి నువ్వే చూపించావు. టీచరమ్మ బట్టీ పట్టించిందని పొద్దున అందరి ముందూ అన్నావట. కంచె దగ్గర తల్లులు చెప్పారు. ఆ మాట మీద నిలబడు, చాలు."

"అది తప్పని తేలిపోయింది. ఆవిడ నేర్పలేదు."

"మనిద్దరికే తెలుసు."

"ఆవిడని తీసేస్తారక్కా. బడి ఎలాగూ పోతుంది. ఆ పిల్లలు..."

"పిల్లలకి అవతలి సెంటర్లో ఫ్యాన్లున్నాయి. ఊయలలున్నాయి. ఇక్కడేముంది?"

"వాళ్ళమ్మలున్నారు," అంది చిన్ని.

అక్క ఆమె వైపు చాలాసేపు చూసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఇలాగే చూసేది. తర్వాత చెయ్యి చాచి, చిన్ని నుదుటి మీద పడిన వెంట్రుకలు చెవి వెనక్కి నెట్టి, తలుపు తీసింది.

డైరెక్టరుగారు అప్పటికే లోపలికొచ్చి షెడ్డులో నిలబడ్డారు. ఎత్తు మనిషి, మగ్గులు తలకి తగలకుండా కొంచెం వంగి ఉన్నారు. పిల్లలు ఇంకా చాప మీదే ఉన్నారు. టీచరమ్మ చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడింది. పిచ్చుక వాళ్ళ మామ్మా, తల్లులూ కంచె దాటి వాకిట్లోకి వచ్చేశారు.

"మార్కులు బాగా పడిపోయాయని విన్నాను," అన్నారు డైరెక్టరుగారు. మర్యాదగానే అన్నారు, కానీ ఆయన చూపు అప్పటికే రేకుల్నీ, చిల్లుల్నీ లెక్కగడుతోంది. "కారణం ఏమై ఉంటుంది?"

"ఒక అనుమానం ఉంది సార్," అంది అక్క. "పిల్లలకి ముందుగానే ఎవరో జవాబులు నేర్పినట్టున్నారు. అందుకే మొదటిసారి అంత బాగా చెప్పి, ఇప్పుడు తేలిపోయారు. పొద్దున కనిపెట్టింది మా చెల్లెలే."

టీచరమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. ఆవిడ చిన్ని వైపు చూసింది. వాకిట్లో అంతమందీ చిన్ని వైపే చూశారు.

"అవునా అమ్మా? ఎవరు నేర్పారు?" అన్నారు డైరెక్టరుగారు.

ఒక్క మాట చెబితే టీచరమ్మ కొంప మునుగుతుంది. రెండో మాట చెబితే అక్క కొంప మునుగుతుంది. తల దువ్వి, ఎక్కాలు చెప్పి, తన ముద్ద తగ్గించుకుని పెట్టి పెంచిన అక్క. చిన్ని నోరు తెరిచింది కానీ మాట రాలేదు.

అక్క ఆమె వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. చెల్లెలికి మాట తడబడినప్పుడల్లా ఇన్నేళ్ళూ ఏం చేసిందో అదే చేసింది. ఆలోచించి చేసింది కాదు, అలవాటు కొద్దీ వచ్చేసింది.

"ఊఁ, బంగారం," అంది మెత్తగా. "చెప్పు."

"గొడుగు," అన్నారు చాప మీద పిల్లలందరూ.

అక్క చెయ్యి బిగుసుకుంది. పిల్లలు తలలెత్తి ఆమెనే చూస్తున్నారు. చిన్నిని చూసినట్టు కాదు. చాలా రోజులకి ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఆమె "తర్వాత?" అనకపోయినా వాళ్ళు ఆగలేదు. "కుర్చీ. గడియారం. చేప." పిచ్చుక అయితే లేచి వచ్చి అక్క చీర కుచ్చెళ్ళు పట్టుకుని, "తర్వాత అను," అని గుర్తుచేసింది.

డైరెక్టరుగారు తక్కువవారేమీ కాదు. ఆయన పిల్లల వైపు చూశారు, పిచ్చుక పట్టుకున్న కుచ్చెళ్ళ వైపు చూశారు, తర్వాత అక్క మొహం వైపు చూశారు. మర్యాద అంతా ఎటో పోయింది.

"ఈ మాట వీళ్ళకి ఎవరు నేర్పారు?"

టీచరమ్మ నోరు తెరవబోయింది. చిన్ని ఆవిడకి చెయ్యి అడ్డం పెట్టి, తనే ఒక అడుగు ముందుకు వేసింది. చెప్పేద్దామనే వేసింది. అక్కా చెల్లెళ్ళిద్దరూ కలిసి తిట్లు తిందాం, బడి నిలబడితే అంతే చాలు అనుకుంటూ వేసింది.

అక్క ఆమె కంటే ముందు మాట్లాడింది.

"మీరు జీపులో ఫోన్లో ఉన్నప్పుడు నేను గేటు దగ్గర నిలబడి కళ్ళారా చూశాను సార్. చాప పరుచుకుని, అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని, ఇదే మాట అని చెప్పిస్తోంది. ఈ తల్లులందరూ కూడా చూశారు, కావాలంటే అడగండి." చిన్ని భుజం మీది చెయ్యి తీసేసింది. "మా చెల్లెలే నేర్పింది సార్."